ఏడో జాయింటు కింద చుక్క

మా బావ దేన్నీ వెంటనే నమ్మడు. ఇంట్లోకి కొత్తగా ఏది వచ్చినా, అది బకెట్టయినా, గొడుగైనా, వార్తయినా సరే, కింద ఒక టిష్యూ పేపరు పరిచి, "ఇరవై నాలుగు గంటలు చూద్దాం" అంటాడు. ఈలోగా కాగితం తడవకపోతే అది మంచిది. తడిస్తే చెడ్డది. మూడో రకం వస్తువు ఆయన ప్రపంచంలో లేదు. చుట్టాల కింద కాగితం పరచడానికి మాత్రం మా అక్క ఒప్పుకోదు కాబట్టి వాళ్ళని ఉత్తి కళ్ళతో చూసి సరిపెట్టుకుంటాడు.

ఇందులో ఆయన తప్పేమీ లేదు. ముప్పై మూడేళ్ళు నగర నీటి సరఫరా శాఖలో పనిచేశాడు. హోదా పేరు రెండు వరుసలు ఉండేది కానీ పని ఒక్కటే. కొత్తగా వేసిన పైపుల్లోకి నీళ్ళు వదిలి, పక్కన స్టూలు వేసుకుని, ఎక్కడన్నా కారుతుందేమోనని ఒక రోజంతా చూడడం. కారకపోతే రిజిస్టర్లో "పాస్" అని రాసి స్టూలు ఎత్తుకుని ఇంటికి రావడం. అందరూ ఉద్యోగం నుంచి రిటైరవుతారు. మా బావ రిటైరైనప్పుడు ఉద్యోగం కూడా స్టూలుతో పాటు ఆయన వెంట ఇంటికి వచ్చేసింది.

ఆఫీసు రిజిస్టరు లాంటిదే ఇంకొకటి, గోధుమరంగు అట్టది, ఇంటికోసం సొంతంగా పెట్టుకున్నాడు. పాతికేళ్ళుగా రాస్తున్నాడు. దాన్ని నేనెప్పుడూ తెరిచి చూడలేదు. "బకెట్టు. లీకు లేదు. పాస్." అనే సాహిత్యాన్ని పనిగట్టుకుని ఎవరు చదువుతారు?

ఒకసారి వానాకాలం మొదట్లో నేను అక్కకి మంచి గొడుగు కొనిచ్చాను. బావ దాన్ని విప్పి, స్నానాల గదిలో షవరు కింద వేలాడదీసి, కింద కాగితం పరిచి తలుపేశాడు. బయట కుండపోత. అక్క బడికి వెళ్ళాలి.

"ఏమండీ, గొడుగివ్వండి."

"టెస్టులో ఉంది."

"బయట వాన పడుతోంది!"

"అందుకే కదా టెస్టు!"

అక్క తడుస్తూ బడికి వెళ్ళి తడుస్తూ వచ్చింది. ఆ రోజు ఇంట్లో ఎవరికీ స్నానాల్లేవు. మర్నాడు బావ గొడుగు బయటికి తెచ్చి "పాస్" అన్నాడు. అప్పటికి ఎండ కాస్తోంది. ఆ ఎండలో అక్క గొడుగు వేసుకుని, బావతో మాట్లాడకుండా వెళ్ళింది.

ఆయన చేతిలో నా పరువు పోయిన కథ ఇంకొకటి ఉంది. ఇరవై ఏళ్ళ కిందట నాకు ఈ ఊళ్ళో కళ్ళద్దాల షాపులో ఉద్యోగం వచ్చింది. ఇల్లు విడిచి రావడం అదే మొదలు. అక్కావాళ్ళింట్లో ఉండమంటే రోషం అడ్డొచ్చి, రెండు వీధుల అవతల మూడో అంతస్తులో గది తీసుకున్నాను. పెట్టె దించి పది నిమిషాలైందో లేదో, చంకలో స్టూలు, చేతిలో టిష్యూ కట్టతో బావ ప్రత్యక్షం.

"ఏంటి బావా?"

"కుళాయిలు చూడాలిరా. కొత్త గది."

"కొత్త గది నాకు. కుళాయిలు పాతవే."

"పాతవైతే మరీ చూడాలి."

గదిలో ఉన్నవి రెండు కుళాయిలు. వాటికోసం మా బావ ఒక పగలు, ఒక రాత్రి, మళ్ళీ సగం పగలు అక్కడే కూర్చున్నాడు. కూర్చున్నవాడు ఊరుకున్నాడా? పైపు పగిలి సినిమా హాల్లోకి నీళ్ళొచ్చిన రోజు జనం కుర్చీలెక్కి సినిమా చూసిన కథ దగ్గర్నుంచి మొదలుపెట్టి నా చెవులు చిల్లులు పడేలా చెప్పాడు. మర్నాడు మధ్యాహ్నం, వీధి చివర మెస్సులో నీటి పైపు చూడాలంటూ నన్నూ లాక్కెళ్ళాడు. ఇంటి ఓనరు నన్ను పక్కకి పిలిచి, "మీ బావగారికి ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగాడు. ఆ తర్వాత రెండేళ్ళ పాటు ఆ మూడంతస్తుల్లో నా పేరు కుళాయి బామ్మర్ది.

ఇక అసలు కథ కంప్యూటరుది. మా అక్క ముప్పై ఏళ్ళు సైన్సు టీచరుగా చేసి రెండేళ్ళ కిందట రిటైరైంది. అక్క గొంతు సంగతి చెప్పాలంటే, తను వంటింట్లోంచి "ఒరేయ్" అంటే రెండు వీధుల అవతల నా షాపులో అద్దాలు సర్దుకుంటున్న నేను "ఆఁ" అంటాను. అలాంటి గొంతుకి రిటైరయ్యాక పనిలేకుండా పోయింది. కూరగాయల బండివాడు ఒక్కడే దొరికాడు. అతను కూడా ఈమధ్య మా అక్క వీధి వదిలి పక్క వీధిలోంచి పోతున్నాడు.

అప్పుడు తెలిసింది, చూపులేని పిల్లల కోసం పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేసే సంస్థ ఒకటి ఉందని. పది నిమిషాల నమూనా పంపాలి. నచ్చితే పుస్తకం ఇస్తారు. అక్క మొహం వెలిగిపోయింది. ఇంట్లో కంప్యూటరు ఉండనే ఉంది. బావ స్వయంగా, ఒక్కొక్క భాగమే కొని బిగించినది. ప్రతి భాగాన్నీ ఒక రోజు టిష్యూ మీద పెట్టి చూశాకే లోపల పెట్టాడు. "హార్డ్ డిస్కు ఏం కారుతుంది బావా?" అంటే, "కారదని నీకెవరు చెప్పారు?" అన్నాడు. వేడెక్కుతుందేమోనన్న భయంతో దానికి ఏడు ఫ్యాన్లు పెట్టాడు. స్విచ్ వేస్తే పిండిమర మొదలైనట్టే.

అక్క ఆ పిండిమర పక్కన కూర్చుని నమూనా చదివి పంపింది. వారానికి ఉత్తరం వచ్చింది. అక్క పైకి చదివింది. "వెనక ఏదో యంత్రం ఆడుతున్న చప్పుడు వినిపిస్తోంది. వచ్చే శనివారం సాయంత్రం ఆరు గంటల లోపు మళ్ళీ పంపగలరు. ఆ తర్వాత ఈ సంవత్సరానికి కొత్తవారిని తీసుకోము." అంతవరకే చదివి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, నేనిచ్చిన కళ్ళజోడు డబ్బాలో దాచేసింది.

"ఇంకేమైనా రాశారా?" అన్నాను.

"ఇంకేం రాస్తారు?" అంది. ఎప్పుడూ వీధంతా వినిపించే గొంతు ఆ మాట మాత్రం నాకే సరిగ్గా వినపడనంత చిన్నగా అంది. ఆ పని తనకి ఎంత కావాలో నాకు అప్పుడర్థమైంది.

"నా ల్యాప్‌టాప్ తెస్తానక్కా. అందులో చదివి పంపేద్దాం," అన్నాను.

"దానికి టెస్టు అయిందా?" అన్నాడు బావ.

"మూడేళ్ళ నుంచి వాడుతున్నాను బావా!"

"వాడావు. టెస్టు చేశావా?"

ఫ్యాన్లు కొన్ని తీసేసి చూశాం. రెండో పేజీలోనే కంప్యూటరు వేడెక్కి నల్లగా మొహం మాడ్చుకుంది. బావ కాసేపు దాని ముందు నిలబడి, ఉన్నట్టుండి నుదురు కొట్టుకున్నాడు.

"ముప్పై మూడేళ్ళు నీళ్ళల్లో ఉండి, దీన్ని గాలితో చల్లార్చాలనుకున్నానేమిట్రా! నీళ్ళు పెట్టాలి. ప్రాసెసర్ నెత్తిన రాగి దిమ్మ పెడతాం. దాని లోపల నీళ్ళు తిరుగుతూ వేడిని మోసుకుపోతాయి. పెద్ద రేడియేటర్లో చల్లారి మళ్ళీ వెనక్కి వస్తాయి. రెండు ఫ్యాన్లు తీరిగ్గా తిరిగితే చాలు. చీమ నడిచిన చప్పుడు కూడా ఉండదు."

"కరెంటు సామాను మధ్యలో నీళ్ళు పోస్తారా?" అంది అక్క.

"పోస్తాను."

"మీకు మతుండే మాట్లాడుతున్నారా?"

"ఇరవై నాలుగు గంటలు చూద్దాం," అన్నాడు బావ.

మంగళవారానికి సామానంతా వచ్చింది. పంపు, చిన్న గాజు ట్యాంకు, రేడియేటరు, రాగి దిమ్మలు, పైపులు, పైపుల్ని బిగించే జాయింట్లు. బావకి అది కంప్యూటరులా కనపడలేదు, ఊరిలా కనపడింది. ప్రాసెసర్ ఒకటో వార్డు. గ్రాఫిక్స్ కార్డు రెండో వార్డు. ట్యాంకు సంగతి సరే, అది ట్యాంకే. "రెండో వార్డుకి ప్రెజరు చాలదురా, ఈ మలుపు తగ్గించాలి," అంటూ చెవి మీద పెన్సిలు పెట్టుకుని తిరిగాడు. పైపు ఏడుసార్లు కొలిచి, ఒక్కసారి కోసి, బొటనవేలంత మేర తక్కువ చేశాడు.

"నీ టేపు తప్పు," అన్నాడు నాతో.

"నా టేపు షాపులో ఉంది బావా. ఇది మీదే."

"నీ షాపు గాలి తగిలుంటుంది."

బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చి, అక్క వంటింటి గరాటుతో ట్యాంకు నింపబోయాడు. నూనె పోసే గరాటు అది. అక్క ఒంటికాలి మీద లేచింది. వేరే గరాటు వచ్చింది. నీళ్ళు పోశాక పైపుల్లో గాలి బుడగలు ఇరుక్కున్నాయి. అవి పోవాలంటే పెట్టెని అటూ ఇటూ వంచాలి. మా బావ ఆ కంప్యూటరు పెట్టెని భుజాన వేసుకుని, పాలు తాగిన పసిబిడ్డకి తేన్పు రప్పించినట్టు వీపు తడుతూ గదంతా తిరిగాడు. గుడగుడమని ఒక బుడగ పైకి వచ్చినప్పుడల్లా, "వచ్చింది, వచ్చింది, నా తండ్రే!" అన్నాడు.

గుమ్మంలో నిలబడి చూస్తున్న అక్క, "మన పిల్లలిద్దర్నీ ఒక్కరోజైనా ఇలా ఎత్తుకున్నారా?" అంది.

"వాళ్ళకి ఇన్ని జాయింట్లు లేవే," అన్నాడు బావ.

బుధవారం పొద్దున పదకొండింటికి లీక్ టెస్టు మొదలైంది. మిగతా దేనికీ కరెంటు ఇవ్వకుండా పంపుకి మాత్రం ఇచ్చి నీళ్ళు తిప్పడం, ఏ జాయింటు దగ్గరైనా కారుతోందేమో ఒక రోజంతా చూడడం. కంప్యూటర్లో నీళ్ళు పెట్టుకునేవాళ్ళందరూ ఇలాగే చేస్తారట. ఈ సంగతి తెలిసినప్పుడు బావ కళ్ళల్లో నీళ్ళు తిరిగినంత పనైంది. ప్రపంచంలో తనలాంటివాళ్ళు ఇంకా ఉన్నారని ఆయనకి ఆ రోజే తెలిసింది.

మొత్తం పన్నెండు జాయింట్లు. పన్నెండు టిష్యూలు. ఒక్కోదాని మీద పెన్నుతో నంబరు. నా షాపు నుంచి భూతద్దం తెప్పించుకున్నాడు. గాలి తగిలితే పడిన చుక్క ఆరిపోతుందని సీలింగ్ ఫ్యాను ఆపించి, కిటికీలు మూయించాడు. చొక్కా విప్పి, తువ్వాలు కట్టుకుని, స్టూలెక్కాడు.

"ఏమేవ్, ఇలా వచ్చి కూర్చో."

"నేనెందుకండీ ఈ కొలిమిలో?"

"ఒక్కణ్ణే కూర్చుంటే నిద్రొస్తుంది. ఏదో ఒకటి చదువుతూ ఉండు. అదే, నీ నమూనా పాఠం చదువు. గుండె గురించి ఏదో ఉందిగా."

అక్క గొణుక్కుంటూ వచ్చి కుర్చీలో కూర్చుంది. "గుండె మన శరీరంలో ఒక పంపులా పనిచేస్తుంది," అని మొదలుపెట్టింది. ఇంట్లో గోడలదిరేలా మాట్లాడే మనిషి, పుస్తకం పట్టుకుంటే హోంవర్కు చెయ్యని పిల్లలా చదువుతోంది. ఉక్క వల్ల కాబోలనుకున్నాను. బావ తలెత్తలేదు. చూపు జాయింట్ల మీదే.

"నిమిషానికి సుమారు ఐదు లీటర్ల రక్తాన్ని..."

"ఎన్ని?"

"ఐదు లీటర్లు."

"చిన్న పంపే. స్టాండ్‌బై ఎక్కడుంటుంది?"

"స్టాండ్‌బై ఏమిటండీ?"

"ఇది ఆగితే పనిచెయ్యడానికి ఇంకో పంపు."

"గుండె ఒక్కటే ఉంటుంది."

బావ నిర్ఘాంతపోయాడు. "ఒక్క పంపుతో అంత ఊరికి నీళ్ళా? ఎవడు పాస్ చేశాడు దీన్ని?"

"మీరు నోరు మూసుకుంటే నేను చదువుకుంటాను."

"చదువు, చదువు. మళ్ళీ మొదట్నుంచి చదువు, నాకు లింకు తప్పింది."

ఇలా ఆ రోజు సాయంత్రం వరకు పాఠం పదిసార్లు అయ్యుంటుంది. రాత్రి గంటకోసారి అలారం పెట్టుకుని లేచి చూశాడట. గురువారం పొద్దున పది గంటలకి, ఇంకొక్క గంటలో టెస్టు ముగుస్తుందనగా, ఆఖరి తనిఖీ కోసం భూతద్దంతో పెట్టెలోకి తల దూర్చాడు. ఏడో జాయింటు అన్నిటికన్నా అడుగున ఉంది. దాన్ని చూడాలంటే పెట్టెలోకి మెడ దాకా వంగాలి. వంగాడు. కాసేపటికి లోపల్నుంచి కేక వినిపించింది.

"చుక్క!"

ఏడో నంబరు టిష్యూ మీద మినపగింజంత తడి.

నీళ్ళన్నీ తోడేశాడు. పన్నెండు జాయింట్లూ విప్పి, తుడిచి, మళ్ళీ బిగించాడు. మధ్యాహ్నం రెండింటికి రెండో టెస్టు. మళ్ళీ ఫ్యాను బందు, మళ్ళీ స్టూలు, మళ్ళీ గుండె పాఠం. శుక్రవారం ఒంటిగంటకి నేను భోజనానికని వెళ్ళేసరికి బావ పెట్టెలో తల దూర్చి ఉన్నాడు. బయటికి వచ్చిన మొహం చూస్తే విషయం తెలిసిపోయింది.

"మళ్ళీనా?"

"ఏడు కిందే."

వేలితో ఆ తడిని తాకి నాలిక మీద పెట్టుకున్నాడు.

"రుచి ఏంటి బావా?"

"నీళ్ళ రుచే," అన్నాడు ముక్తసరిగా, పానా అందుకుంటూ.

నాకు ఒళ్ళు మండిపోయింది. "బావా, రేపు ఆరింటితో గడువైపోతుంది! మూడో టెస్టు పెట్టి, అదీ పోతే? సంవత్సరం ఆగాలి అక్క! చిన్న చుక్క కదా, ఏదో ఒకటి చుట్టేసి కానివ్వండి!"

"నీళ్ళకి గడువులు తెలీవురా."

"అక్కకి తెలుసు! అక్కా, నువ్వైనా చెప్పు!"

అక్క ఆయన మీద విరుచుకుపడుతుందని ఎదురుచూశాను. తను బావ వైపు ఒక చూపు చూసి, "ఆయన మాటే కానీరా. ఇంకో రోజు చదివితే నా నోరేం అరిగిపోతుంది?" అంది. నేను తెల్లమొహం వేశాను. గొడుగు విషయంలో రెండు రోజులు మాట్లాడని మనిషి ఇలా అంటుందా? ఎండ దెబ్బ ఇద్దరికీ తగిలిందనుకుని ఇంటికి పోయాను.

మూడో టెస్టు శుక్రవారం సాయంత్రం నాలుగింటికి మొదలైంది. అంటే శనివారం నాలుగింటికి ముగియాలి. గడువు ఆరు. చేతిలో ఉండేది రెండు గంటలు. శనివారం మూడింటికి నేను షాపు మూసేసి, ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని వెళ్ళాను. చుక్క పడిందో, ఆయన్ని గదిలో పెట్టి తాళం వేసైనా సరే, అక్క చేత నా దాంట్లో చదివించి పంపాలని తీర్మానించుకున్నాను.

గదిలో ఆవిరి పట్టినట్టుంది. అక్క గుండె పాఠం పుస్తకం వైపు చూడకుండానే చెప్పేస్తోంది. బావ భూతద్దం పట్టుకుని ఆఖరి తనిఖీకి వంగాడు. నేనూ ఆయన పక్కన తల దూర్చాను. ఒకటి పొడి. రెండు పొడి. ఆరు పొడి. ఏడు కూడా పొడే. బావ ఇంకొంచెం వంగాడు. అప్పుడు చూశాను. ఆయన బట్టతల నడినెత్తిన ఒక చెమట చుక్క పుట్టింది. నుదుటి మీదకి జారింది. రెండు కనుబొమల మధ్య ఒక క్షణం ఆగింది. ముక్కు మీదుగా మెల్లగా దిగి, సరిగ్గా కొనకి వచ్చి, ఏడో నంబరు టిష్యూకి ఎగువన వేలాడింది.

చటుక్కున చెయ్యి చాపాను. చుక్క నా అరచేతిలో పడింది.

"అక్కా! లీకు దొరికింది!" గొంతు చించుకుని అరిచాను. "పైపులో కాదు! బావ ముక్కులో!"

అరచేతిలో చుక్కని వజ్రంలా పట్టుకుని గదంతా గంతులేశాను. అక్క ముందు నా మొహం చూసింది, తర్వాత బావ మొహం చూసింది, పుస్తకం ఒళ్ళో పడేసి నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు కూరగాయల బండివాడికి పక్క వీధిలో కూడా వినపడి ఉంటుంది. బావ ముక్కు తుడుచుకుని, "ఓహో," అన్నాడు.

"ఓహో ఏంటి బావా? మూడు రోజులు! పన్నెండు జాయింట్లు రెండుసార్లు విప్పి బిగించారు! మీ ముక్కుకి పానా పెట్టుంటే సరిపోయేది! పదండి, ఇప్పుడైనా స్విచ్ వెయ్యండి."

బావ గోడ గడియారం చూశాడు. "ఇంకా యాభై నిమిషాలుంది."

నెత్తీ నోరూ కొట్టుకున్నా వినలేదు. యాభై నిమిషాలూ కూర్చున్నాం. నాలుగు కొట్టగానే, "పాస్," అన్నాడు. తీగలన్నీ తగిలించి స్విచ్ వేశాడు.

"ఆన్ అవలేదండీ," అంది అక్క.

"అయింది."

"మరి చప్పుడేదీ?"

లేదు. గాజు ట్యాంకులో నీళ్ళు గుండ్రంగా తిరుగుతున్నాయి. అంతే. ఆ నిశ్శబ్దంలో ముగ్గురం ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకున్నాం. నాకు బావని ముద్దు పెట్టుకోవాలనిపించింది కానీ ముక్కు గుర్తొచ్చి ఆగాను.

అక్క మైకు ముందు కూర్చుంది. ఎర్ర లైటు వెలిగింది. మేమిద్దరం బయటికొచ్చి తలుపేసి గుమ్మంలో కాపలా కూర్చున్నాం. ఉత్తరాలబ్బాయి వస్తే బావ నోటి మీద వేలేసుకుని వెనక్కి పంపాడు. పక్కింటి కుక్క నోరు తెరవబోతే దాని వంక ఎంత తీవ్రంగా చూశాడంటే అది మూసుకుంది. పది నిమిషాల తర్వాత తలుపు తీసుకుని అక్క బయటికి వచ్చింది. ఒక్క విడతలో, ఎక్కడా ఆగకుండా చదివేసిందట. అయిదుంపావుకి పంపేశాం. నేను చప్పట్లు కొట్టబోయాను.

"అప్పుడే సంబరం వద్దు," అన్నాడు బావ. "ఇరవై నాలుగు..."

"నోర్ముయ్యండి," అంది అక్క.

పదో రోజున జవాబు వచ్చింది. అక్క నా షాపు దాకా వినపడేలా కేకేసింది. పరిగెత్తుకెళ్ళాను. బావ స్నానానికి వెళ్ళాడు. నన్నే చదవమని అక్క ఉత్తరం నా చేతిలో పెట్టింది. "చప్పుడు లేదు. ఈసారి మీ గొంతు కూడా ఎక్కడా వణకలేదు. ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకం మొత్తం మీరే చదవాలని కోరుతున్నాం."

ఎగిరి గంతెయ్యబోయి ఆగాను. "ఈసారి ఏంటక్కా? పోయినసారి వణికిందా?"

అక్క కళ్ళజోడు డబ్బా తెచ్చి, నాలుగు మడతల పాత ఉత్తరం ఇచ్చింది. గడువు గురించి రాసిన వాక్యం కింద, అక్క ఆ రోజు మాకు చదవని వాక్యం ఒకటుంది. "మీ గొంతు చాలాచోట్ల వణుకుతోంది. అలవాటయ్యే వరకు ఎవరి ఎదుటైనా కూర్చుని చదివి చూడండి."

"సిగ్గేసిందిరా. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పి, మైకు ముందు వణికానని ఎవరికి చెప్పుకోను?" అంది.

"బావక్కూడా చెప్పలేదా?"

"చెప్పలేదు," అని కాఫీ పెట్టడానికి లేచింది.

నా భూతద్దం ఇంకా ఆ గదిలోనే ఉంది. తీసుకుందామని వెళ్ళాను. అది గోధుమరంగు రిజిస్టరు మధ్యలో, పేజీ గుర్తుగా పెట్టి ఉంది. తీస్తుంటే పేజీ తెరుచుకుంది. చదవకూడదనే అనుకున్నాను. కానీ చేతిలో భూతద్దం ఉన్నవాడు చదవకుండా ఎలా ఉంటాడు?

"బుధ, గురు. పన్నెండు జాయింట్లు. ఏడు కింద ఒక చుక్క. ఉప్పగా ఉంది. నాదే. పైపులు పాస్. గొంతు: పంతొమ్మిది చోట్ల వణుకు. మళ్ళీ టెస్టు పెట్టాలి."

నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"గురు, శుక్ర. చుక్క: నాదే. గొంతు: ఆరు చోట్ల. స్టాండ్‌బై పంపు గురించి అడిగితే కసిరింది. బాగా మెరుగు. మళ్ళీ టెస్టు."

బొట్టు కూడా కారని పన్నెండు జాయింట్లని, పాస్ అయిన వాటిని, ఆ మనిషి రెండుసార్లు విప్పి రెండుసార్లు బిగించాడు! మళ్ళీ చూస్తే గురువారం రాత కింద, ముప్పై ఏళ్ళు పరీక్ష పేపర్లు దిద్దిన ఎర్ర ఇంకుతో, నాకు బాగా తెలిసిన గుండ్రటి అక్షరాలున్నాయి. "ఫ్యాను వేసుకోండి. చెమటకి చిక్కిపోతున్నారు. రేపు కూడా చదువుతాను."

అంటే శుక్రవారానికే అక్కకీ తెలుసు. నేను అక్కడ నిలబడి గడువు, గడువని అరుస్తున్నప్పటికే. ఆఖరి రాత చూశాను. "శుక్ర, శని. చుక్క: బామ్మర్ది పట్టుకున్నాడు. గొంతు: ఎక్కడా వణుకు లేదు. పాస్." దాని కింద మళ్ళీ ఎర్ర ఇంకు. "వాడికి చెప్పకండి. పాపం, తనే కనిపెట్టాననుకుని మురిసిపోతున్నాడు."

నా చెవులు వేడెక్కాయి. ఆ రోజు అక్క పడీపడీ నవ్వింది బావని చూసి కాదన్నమాట.

ఇక చెయ్యి ఆగలేదు. పేజీలు వెనక్కి తిప్పుకుంటూ పోయాను. పక్కింటి కుట్టుపని టీచరమ్మ భర్త పోయాక ఒంటరిగా ఉన్న మొదటి రోజు, మా బావ ఆవిడ వరండాలో కూర్చుని వాటర్ ఫిల్టరు చూశాడని మేం అప్పట్లో ఎంత నవ్వుకున్నామో. "ఫిల్టరు: లీకు లేదు. టీచరమ్మ: సాయంత్రానికి మిషను తొక్కింది. పాస్." ఇంకా వెనక్కి తిప్పాను. ఇరవై ఏళ్ళ వెనక్కి.

"బామ్మర్ది గది. కుళాయిలు రెండు. లీకు లేదు. బామ్మర్ది: మొదటి పూట ముద్ద ముట్టలేదు. వాళ్ళమ్మతో ఫోన్లో మాత్రం చాలా బాగుందన్నాడు. మర్నాడు మెస్సులో రెండు ప్లేట్లు తిన్నాడు. పాస్."

రెండు ప్లేట్లు తిన్నానని నాకే గుర్తు లేదు. ఇరవై ఏళ్ళ నుంచి నేనీ కథ ఎంతమందికి చెప్పి నవ్వించానో, మా బావ పిచ్చి చూడండంటూ! ఆయన ముందే ఎన్నోసార్లు చెప్పాను. అందరికన్నా గట్టిగా ఆయనే నవ్వేవాడు.

"ఏరా, ఏం చేస్తున్నావక్కడ?"

తల తుడుచుకుంటూ బావ గుమ్మంలో నిలబడ్డాడు. నేను గబుక్కున రిజిస్టరు మూసేశాను.

"ఏం లేదు బావా. లీకులేమైనా ఉన్నాయేమోనని చూస్తున్నాను."

"దొరికిందా?"

"ఒకటి దొరికింది. చాలా పాతది."

"ఎక్కడ?"

"మీ దగ్గరే బావా."

మా బావ ఉలిక్కిపడి తువ్వాలుతో ముక్కు కొన తుడుచుకుని, వంటింటి వైపు తిరిగి, "ఏమేవ్, ముందా ఫ్యాను వెయ్యి!" అన్నాడు.